వదిన కుట్టిన తుపాకీ ఒర

ఏదీ, ఇటివ్వు చూద్దాం. కిటికీ వైపు జరుగు, నీ నీడ దాని మీదే పడుతోంది. ఊఁ. బెల్టా ఇది? సరే, బెల్టే అనుకుందాం. కుట్టు పరవాలేదు. పరవాలేదంటే బాగుందని కాదు, అప్పుడే మొహం అంత వెలిగించుకోకు. ఇదిగో, ఈ చివర చూడు, ఇక్కడికి వచ్చేసరికి నీకు విసుగు పుట్టింది. ఆకలేసిందో, ఎవరైనా ఫోన్ చేశారో. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం పెరిగిపోయింది. సంతకం పెట్టమంటే చెమటలు పట్టే మనిషిని నేను, అయినా కుట్టు మాత్రం చదువుతాను. అంచు దేంతో రుద్దావు? గాజు సీసాతోనా? ఫోన్లో ఎవడో అలా రుద్దాడా? వాణ్ణి నా ముందు కూర్చోబెట్టు, చెప్తాను. కళ్ళు మూసుకుని అంచు మీద వేలు నడిపిస్తే రెండు తోళ్ళు ఎక్కడ కలిశాయో తెలియకూడదమ్మా. ఇది నా వేలికి తెలుస్తోంది, వీధిలో పోయేవాడి వేలికీ తెలుస్తుంది. మళ్ళీ తడిపి మళ్ళీ రుద్దు. ఆఁ? ఏమన్నావు? ఇంకోసారి అను. "నాయనమ్మ చెయ్యి వచ్చినట్టుంది, ఎక్కడో ఒకచోట తప్పుతుంది" అన్నావా? నవ్వుతూ అన్నావులే, నాకు తెలుసు. ఆ మాట నీది కాదు. మీ తాతది, మా అన్నయ్యది. ఇంట్లో అందరికీ ఉగ్గుపాలతో పట్టించాడు. మీ నాన్న అంటాడు, మీ అత్త అంటుంది, ఇప్పుడు నీ దాకా వచ్చింది. కూర్చో. ఆ బెల్టు పక్కన పెట్టి కూర్చో. మీ తాత పోయి నెల దాటింది కదా? దాటింది. ఆయన ఉన్నంత కాలం నేను నోరు తెరవకూడదని మీ నాయనమ్మకి మాటిచ్చాను. ఆయన లేడు. ఆవిడ చెయ్యి తప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను విను. ఆవిడ చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు.

నువ్వు పాకే వయసులో పోయింది ఆవిడ, నీకేం గుర్తుంటుంది. ఫొటోలో చూస్తే ఆవిడ కాదు అది. ఫొటోలో ఎప్పుడూ ఎవరో తిట్టినట్టు నిలబడేది. ఆసుపత్రిలో కట్లు కట్టే గది ఆవిడది. ఊరంతా దూది నర్సు అనేవాళ్ళు. ఎండి అతుక్కుపోయిన కట్టుని గుక్కపెట్టి ఏడ్చే పిల్లాడికి కూడా తెలియకుండా ఊడదీసేది, వాడు ఏడుపు ఆపి "ఎప్పుడు తీస్తారు" అని అడిగేవాడు. నా బూట్ల కొట్టు ఆసుపత్రి గేటుకి ఎదురుగా ఉండేది. ఇప్పుడక్కడ ఏదో మందుల షాపు పెట్టారు, వాడికి నేను ఇవ్వనన్నా మా పక్కవాటాదారు ఇచ్చేశాడు, ఆ కథ వేరే, అది తలుచుకుంటే నాకు అన్నం సయించదు. ఆఁ, ఏం చెప్తున్నాను. ఒకరోజు డ్యూటీ అయ్యాక చెప్పు పట్టీ తెగిందని వచ్చింది. నేను కుడుతుంటే తను చెత్తబుట్టలో చెయ్యి పెట్టి ముక్కలు ఏరుతోంది. "ఇవన్నీ పారేస్తావా మరిదీ?" అంది. "పారెయ్యక దండ గుచ్చి మెళ్ళో వేసుకుంటానా వదినా?" అన్నాను. "అయితే నాకివ్వు, నేను వేసుకుంటాను" అని ఒళ్ళో పోసుకుని వెళ్ళింది. అలా మొదలైంది. రోజంతా పుళ్ళూ గాయాలూ చూసిన మనిషి సాయంత్రం ఇంటికి పోయి కాళ్ళు చాపుకుంటుందని కదా అనుకుంటాం. ఈవిడ వంటగది గట్టు మీద తోలు ముక్క పెట్టుకుని కూర్చునేది.

మొదట్లో మేకుల తలలు ఆకురాయితో అరగదీసి అచ్చులు చేసుకుంది. ఒకటి చుక్క, ఒకటి చంద్రవంక, ఒకటి గవ్వలాగా. ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు ఉండేవాడు, అరిగిపోయిన కొక్కేలూ చిన్న చిన్న గరిటెలూ పారేస్తుంటే అడిగి తెచ్చుకుంది. ఆకుల ఈనెలు గియ్యడానికి వాటిని మించినవి లేవు. "ఊళ్ళో సగం మంది నోళ్ళలో తిరిగిన సామాను వదినా అది" అన్నాను. "అందుకే మరిదీ, చెప్పిన మాట వింటున్నాయి" అంది. అలాంటి మనిషి. నేను చెప్పింది ఒక్కటే. మందుల్లో ఊరిన తోలు బూటు పైభాగానికి మెత్తగా బాగుంటుంది కానీ దాని మీద నువ్వెంత కొట్టినా అచ్చు నిలవదు, స్పంజిలాగా మళ్ళీ పైకి లేస్తుంది. చెట్టు బెరడు నీళ్ళలో ఊరిన తోలు కావాలి, అదైతే గుర్తు పెట్టుకుంటుంది. మిగతాదంతా ఆవిడే పట్టింది. తోలుని తడిపి ఊరుకోవాలి. పై తడి ఆరాలి, లోపలి తడి మిగలాలి. రంగు కొంచెం కొంచెంగా వెనక్కి వస్తూ ఉంటుంది. నేనైతే గోరుతో నొక్కి చూసేవాణ్ణి. ఆవిడ చెంపకి ఆనించుకునేది. చెంపకి ఇంకా చల్లగా తగులుతోంది, కంటికి ఆరినట్టు కనపడుతోంది, అప్పుడు కత్తి పెట్టేది. గీత గీసి, గీత పక్కనే అచ్చు పెట్టి కొయ్యసుత్తితో కొట్టుకుంటూ పోతుంటే ఆకు పైకి లేచినట్టు కనపడుతుంది. ఆకు ఎక్కడికీ లేవదు. పక్కన ఉన్నది కిందికి దిగుతుంది, అంతే. ఆవిడ కొడుతుంటే పక్కింటివాళ్ళకి గడియారం నడుస్తోందనిపించేదట, ఒకే పాటి చప్పుడు.

అమ్మమంటే అమ్మేది కాదు. "అమ్మితే ఇదీ డ్యూటీ అయిపోతుంది మరిదీ, నాకు ఒక డ్యూటీ చాలు" అనేది. అంబులెన్సు డ్రైవరుకి బెల్టు, పళ్ళ డాక్టరుకి కళ్ళజోడు పెట్టె, నాకేమో తోలుకి బెజ్జాలు పొడిచే నా ఆరెలకి ఒక సంచి. నా కొట్టుకొచ్చినవాళ్ళు నేను కుట్టిన బూట్లు పక్కన పెట్టి ఆ సంచి చేతిలోకి తీసుకుని తిప్పి చూసేవాళ్ళు. పక్క కొట్టు దర్జీ ఉండేవాడు చూడు, వాడికి ఇదే పని, "గురువుగారూ, శిష్యురాలు దాటిపోయింది, ఇక కొట్టు ఆవిడకి రాసిచ్చి మీరు కాశీకి..." అని ఈల వేసేవాడు. వాడితో మాట్లాడటం మానేశాను. దానికే కాదు, నా ఆరె పట్టుకెళ్ళి ముక్కు విరిచి తెచ్చి, ముందే విరిగి ఉందన్నాడు. ముందే విరిగి ఉందట! వాడు పోయినప్పుడు వెళ్ళాను. గుమ్మం దాకా వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు.

మీ తాత అప్పుడు బ్యాంకులో గార్డు. పొడుగు మనిషి, ఇస్త్రీ బట్టలు, మీసం. నడుముకి రివాల్వరు. బ్యాంకువాళ్ళు దానికి గుడ్డసంచిలాంటి ఒర ఒకటిచ్చారు, అందులో రివాల్వరు గిన్నెలో గరిటెలాగా అటూ ఇటూ కొట్టుకునేది. ఆయన నడుస్తుంటే ముందు చప్పుడు వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు. "ఏమోయ్, ఊరందరికీ కుడతావు, నాకొక ఒర కుట్టలేవా?" అన్నాడు. మేనేజరుని అడిగితే "నీ నడుము, నీ ఇష్టం" అన్నాడట. వదిన ఎంత సంబరపడిందో నీకు చెప్పలేను. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. కానీ భయం కూడా పడింది. నా కొట్టుకొచ్చి కూర్చుని, "మరిదీ, బెల్టు పాడైతే ప్యాంటు జారుతుంది. ఇది పాడైతే?" అంది. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది.

తుపాకీ ఇంటికి తీసుకురానివ్వరు కదా. అందుకని కొలతలు పట్టుకుని వడ్రంగి చేత చెక్క రివాల్వరు చేయించింది. అచ్చం అదే, వేలితో నొక్కి పేల్చే గుర్రం, కింది వంపు, అన్నీ. తోలుని నానబెట్టి, ఆ చెక్క తుపాకీ చుట్టూ చుట్టి, వేళ్ళతో, గరిటె వెనకతో ఒత్తి ఒత్తి ఆ వంపులన్నీ తోలు మీద తేల్చింది. నీడలో ఆరాలి, లేకపోతే బీటలిస్తుంది. వెనక వసారాలో తాడుకి వేలాడదీస్తే పాలవాడు చూసి పాలు పొయ్యకుండానే పారిపోయాడు. "అమ్మగారింట్లో తుపాకులు ఆరేస్తున్నారు" అని వీధంతా చెప్పాడు. నవ్వు, నవ్వు, అప్పుడు మేమూ నవ్వాం. ఆరాక మూతి దగ్గర ఇంకో పట్టీ వేసి రెండు వరసలు కుట్టింది. ఎందుకో తెలుసా? తుపాకీ బయటికి తీశాక ఒర మూతి అలాగే తెరుచుకుని ఉండాలి, గ్లాసులాగా. మూతి ముడుచుకుందనుకో, తుపాకీ లోపల పెట్టేటప్పుడు ఆ తోలు మడత లోపలికి దిగి గుర్రానికి అడ్డం పడుతుంది. పెట్టేవాడు గట్టిగా నొక్కుతాడు. అంతే. అందుకని దానికి నూనె పెట్టకూడదు. బూటుకి పెట్టాలి, బెల్టుకి పెట్టాలి, వంగేదానికి పెట్టాలి. ఒర వంగకూడదు. దానికి పైన మైనం ఒక్కటే, గుడ్డతో పలచగా రుద్ది వదిలెయ్యాలి. ముందు వైపు ఒక తీగ చెక్కింది. కింద నుంచి మొదలై వంపు తిరిగి మూతి దాకా పాకి ఆగుతుంది. నేను రెండు బొటనవేళ్ళతో మూతిని నొక్కి చూశాను. అంగుళం కాదు కదా, గింజంత కూడా కదల్లేదు. నాకు అసూయ వేసింది అని నేను చెప్పను, నువ్వు అనుకుంటే అనుకో.

మీ తాత దాన్ని ఎంత ముద్దు చేశాడనీ! బ్యాంకుకొచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. "మా ఆవిడ చేసింది. ముట్టుకో, ముట్టుకుంటే అరగదులే" అనేవాడు. ఇన్‌స్పెక్టరు ఒకాయన చూసి తనకీ ఒకటి కావాలన్నాడు, వదిన సరేనంది, తోలు కూడా కోసి పెట్టింది. ఒర మాత్రం ఇంటికి వచ్చేది కాదు. సాయంత్రం తుపాకీతో పాటే బ్యాంకు బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళు. అదీ సంగతి. వారం వారం తుపాకీ శుభ్రం చెయ్యడానికి ఆయనకి నూనె సీసా ఇచ్చేవాళ్ళు. తుపాకీ తుడిచిన గుడ్డతోనే ఒర కూడా తుడిచాడు. తుడిస్తే తీగ నిగనిగలాడింది. మళ్ళీ వారం ఇంకొంచెం ఎక్కువ పట్టించాడు. బయట, లోపల, మూతి చుట్టూ. పసిపిల్లకి తలంటినట్టు. తోలు తాగుతుంది కదా, ఎంత పోస్తే అంత తాగుతుంది. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పేదేముంది, భార్య చేసిన వస్తువుని బాగా చూసుకుంటున్నాడు, అది కూడా చెప్పుకుంటారా ఎవరైనా? వదిన కూడా అడగలేదు. "రుద్దకు, నూనె పెట్టకు" అని చెప్పింది మొదట్లో. ఆయన ఊఁ అన్నాడు. ఆయన దేనికైనా ఊఁ అంటాడు, మీ నాన్నా అంతే.

డబ్బు వ్యాను వచ్చిన రోజు అది. వ్యాను తలుపు తీసినప్పుడు గార్డు తుపాకీ చేతిలో పట్టుకుని నిలబడాలి. నిలబడ్డాడు. పెట్టెలు లోపలికి వెళ్ళాయి. తుపాకీ ఒరలో పెట్టబోయాడు, దిగలేదు, నొక్కాడు. పేలింది. తొడలో దిగి మోకాలి దగ్గర ఆగింది. నేను కొట్టులో ఉన్నాను, జనం ఆసుపత్రి వైపు పరిగెడుతుంటే ఎవరికో ఏదో అయిందనుకుని ముడి వేసి దారం తెంపాను. మీ తాతని స్ట్రెచరు మీద తెచ్చింది ఎక్కడికి? ఆవిడ గదికే. కట్లు కట్టే గదికే. ఆవిడ అరవలేదు. కత్తెర తీసుకుని ప్యాంటు కోసింది. బెల్టు విప్పింది. ఒర ఆవిడ చేతిలోకి వచ్చింది. నేను అప్పటికి గుమ్మంలో ఉన్నాను, చూశాను. ఒక చేత్తో గాయం మీద దూది అదిమి పట్టుకుంది, రెండో చేత్తో ఆ ఒర మూతిని బొటనవేలితో నొక్కింది. పాత గుడ్డలాగా ముడుచుకుపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నా వైపు చూసింది. నాకిచ్చింది. నేనూ నొక్కాను. నాకూ నూనె వాసన కొట్టింది. డాక్టరు వచ్చాడు.

బుల్లెట్ తీశారు, కాలు మిగిలింది, మోకాలు మాత్రం వంగడం మానేసింది. కాస్త తేరుకున్నాక హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చాడు, మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏమాటకామాటే, మర్యాదగానే మాట్లాడాడు. "చూడండి, గార్డు వేలు గుర్రం మీద ఉన్నా, తన సామాను తను పాడుచేసుకున్నా ఉద్యోగం ఉండదు, ఇంటికి పంపేస్తాం. వస్తువులోనే మొదటి నుంచీ లోపం ఉంటే అతని తప్పు కాదు, లోపల కూర్చునే పనిలో వేస్తాం. ఏది నిజమో చెప్పండి" అన్నాడు. మీ తాత, "వేలు లేదు సార్. మూతి లోపలికి ముడుచుకుంది. దాన్ని నా కంటికంటే భద్రంగా చూసుకున్నాను సార్" అన్నాడు. అబద్ధం కాదు. ఆయనకి తెలిసినంత వరకు నిజమే. ఆఫీసరు ఒరని చేతిలోకి తీసుకున్నాడు, ముడిచాడు, తెరిచాడు, వదిన వైపు తిరిగాడు. "మీరు చేశారా? మీరు ఇచ్చినప్పుడు కూడా ఇలాగే ఉందా?" అన్నాడు. గది అంతా ఆవిడ వైపే చూస్తోంది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. కాదు అని ఒక్క మాట చాలు. ఆవిడ చేతికి మచ్చ లేకుండా పోతుంది. ఆవిడ మీ తాత మొహం చూసింది. "ఇలాగే ఉందండీ. మూతి దగ్గర తోలు మరీ పలచగా చెక్కాను. నాకు అంతగా తెలియదు" అంది. నాకు అంతగా తెలియదు అంది! ఆవిడకి తెలియదట! ఆఫీసరు ఒరని కవరులో వేసుకుని పట్టుకుపోయాడు, అది మళ్ళీ ఎవరికీ కనపడలేదు.

వరండాలో పట్టుకున్నాను. "ఏంటి వదినా అది? లోపలికి నడు, నేను చెప్తాను, నూనె సంగతి నేను చెప్తాను" అన్నాను. నా మొహం మీద వేలు పెట్టి, "నోరు మూసుకో మరిదీ" అంది. ఎప్పుడూ అలా మాట్లాడలేదు నాతో. "ఉద్యోగం సంగతి వదిలెయ్. ఆయన ఆ కాలుతో బతకాలి. నా మీద ఇష్టంతో పెట్టిన నూనె తన కాలు తీసిందని తెలిస్తే ఆయన మళ్ళీ నా వస్తువు ముట్టుకుంటాడా? నన్ను ముట్టుకుంటాడా? ఆయన ఉన్నంత కాలం ఈ మాట నీ నోట రాకూడదు. మాటివ్వు" అంది. ఇచ్చాను. చదువు లేదు, సంతకం రాదు, నాకున్నదల్లా ఆ ఇచ్చిన మాటే కదా. కోపంతోనే ఇచ్చాను, అయినా ఇచ్చాను.

ఆ తర్వాత మొదలైంది మీ తాత మంచితనం. తిట్టి ఉంటే బాగుండేది తల్లీ. తిడితే ఆవిడ ఎదురు తిట్టేది, ఏదో ఒకరోజు నిజం బయటపడేది. ఆయన తిట్టలేదు. క్షమించాడు. ఇంటికొచ్చిన ప్రతి మనిషి ముందూ క్షమించాడు. కాలు చాపుకుని కుర్చీలో కూర్చుని, "పాపం దాని తప్పేముందండీ, సరదాకి నేర్చుకున్న పని, ఎక్కడో ఒకచోట చెయ్యి తప్పుతుంది. నేను ఒక్క మాట అనలేదు, అడగండి కావాలంటే" అనేవాడు. ఆవిడ టీ కప్పులు పట్టుకుని అక్కడే నిలబడేది. వాళ్ళు "ఎంత పెద్ద మనసండీ" అనేవాళ్ళు. ఆవిడ కప్పులు పెట్టి లోపలికి వెళ్ళేది. ఇన్‌స్పెక్టరు తనకి ఒర వద్దని కానిస్టేబులు చేత చెప్పి పంపాడు. కోసిన తోలు అలాగే ఉండిపోయింది. పళ్ళ డాక్టరు మాత్రం కళ్ళజోడు పెట్టె మార్చలేదు, అంబులెన్సు డ్రైవరు బెల్టు మార్చలేదు, ఆ ఇద్దరికీ నేను జీవితాంతం ఉచితంగా బూట్లు కుట్టాను, ఎందుకో వాళ్ళకి తెలియదు. ఆవిడ పని మానలేదు. కానీ ఇక బరువు మోసే వస్తువు ఏదీ చెయ్యలేదు. దువ్వెన పెట్టుకునే తొడుగులు, తాళాల గుత్తికి వేలాడే ఆకులు. పాడైనా ఎవరికీ ఏమీ కానివి.

ఎన్నో ఏళ్ళకి ఒక మధ్యాహ్నం కొట్టుకొచ్చింది. జుట్టు నెరిసింది అప్పటికి. బూట్లు తొడుక్కుని చూసుకునే బల్ల మీద కూర్చుంది. "మరిదీ, నిజం చెప్పు. ఆ రోజు నీకు నూనె వాసన వచ్చిందా, లేక నేను నీ వైపు చూశాను కాబట్టి వచ్చిందనుకున్నావా? నేను నిజంగానే పలచగా చెక్కానేమో?" అంది. నా చేతిలో కత్తి ఆగిపోయింది. చూశావా? విని విని విని, ఆవిడకే అనుమానం పట్టుకుంది. తను చెప్పిన అబద్ధం తనకే నిజం అయిపోతోంది. నేను ప్రమాణం చేసి చెప్పాను. తల ఊపింది కానీ నమ్మలేదు, నేనెప్పుడూ ఆవిడ పక్షం అని ఆవిడకి తెలుసు. "ఇన్‌స్పెక్టరుకి కోసిన తోలు ఉంది కదా, అదీ ఆ ఒరా ఒకే చర్మంలోవి. నీ కొట్టులో కూర్చుని కుడతాను. ఇంట్లో వద్దు, ఆయన చూస్తాడు" అంది.

కుట్టింది. రోజూ డ్యూటీ దిగి వచ్చి, తెర వేసుకుని, వెనక గదిలో. అదే చెక్క తుపాకీ, అదే పట్టీ, అదే తీగ. తీగ ఎందుకు వదినా, పరీక్షకే కదా అన్నాను. "చెక్కినచోట తోలు పలచబడుతుందేమో చూడాలి కదా" అంది. ఎంత నిజాయితీ చూడు, తన మీద తనకే. ఆరాక తుపాకీని పెట్టింది, తీసింది, పెట్టింది, తీసింది. నేను బూటు మడమ కొడుతూ వింటున్నాను ఆ చప్పుడు. మూతి గ్లాసులాగా నిలబడింది. అంతటితో అయిపోయిందనుకున్నాను. కాదు. తుపాకీ నూనె ఒక సీసా తెప్పించుకుని గుడ్డతో పట్టించడం మొదలుపెట్టింది. వారం వారం, మీ తాత పెట్టినట్టే, లోపల, బయట, మూతి చుట్టూ. తీగ నిగనిగలాడింది. నిజంగానే అందం వచ్చింది, ఆయన్ని అనడానికి లేదు. చలికాలం పోయి ఎండలు వచ్చాయి. ఒకరోజు బొటనవేలు పెట్టి నొక్కింది. ముడుచుకుంది. చెక్క తుపాకీ దింపింది, మూతి మడత లోపలికి పోయి సరిగ్గా గుర్రం మీద కూర్చుంది. ఆవిడ దాన్ని చాలాసేపు అలా పట్టుకుని చూసింది. "హమ్మయ్య" అంది. అంతే. "హమ్మయ్య మరిదీ, నేను సరిగ్గానే చేశాను." ఏడవలేదు. మొహం మాత్రం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. నేను ఆ ఒరని లాక్కున్నాను. "పద, ఇప్పుడే పద, అన్నయ్య ముందు పెడదాం, ఇంకా ఎన్నాళ్ళు?" అన్నాను. నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది, కట్టు ఊడదీసినట్టు, నాకు తెలియకుండానే పోయింది నా చేతిలోంచి. నా కత్తే తీసుకుని కుట్లు తెంపింది, ముక్కలు కోసింది. "ఇంత మెత్తని తోలు మడమ కింద బాగుంటుంది, ఎవరికైనా వెయ్యి" అంది. వేశాను. కాళ్ళు నొప్పులని వచ్చిన ముసలివాళ్ళ బూట్లలో వేశాను. ఆ తీగ ఎవరెవరి మడమల కింద తిరిగిందో నాకే తెలియదు. ఆ తర్వాత ఆవిడ టీ కప్పులు పట్టుకుని నిలబడ్డప్పుడు చూశాను. మీ తాత అదే మాట అంటున్నాడు, వాళ్ళు అదే మాట అంటున్నారు. ఆవిడ లోపలికి వెళ్ళలేదు. అక్కడే నిలబడి కిటికీలోంచి బయటికి చూస్తోంది, తనకేమీ పట్టనట్టు.

ఏంటి? ఆవిడ పోయాకైనా నేను ఆయనకి చెప్పి ఉండచ్చు కదా అంటావా? ఆవిడ అడిగింది ఆయన ఉన్నంత కాలమని, తను ఉన్నంత కాలమని కాదు. నీకు లెక్క తెలుసు, నాకు మాట తెలుసు. కానీ... అబద్ధం ఎందుకు, వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆవిడ పోయిన కొత్తలో. అన్నయ్య ఒక్కడే ఉన్నాడు ఇంట్లో, ఆవిడ మంచం మీద కూర్చుని. కాలు ముందుకి చాపుకుని. చిక్కిపోయాడు, మీసం కూడా వాలిపోయింది. నన్ను చూసి చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడూ పట్టుకోని మనిషి. "ఒరేయ్ తమ్ముడూ, ఎంత సేవ చేసిందిరా నాకు. ఈ కాలికి రోజూ కాపడం పెట్టేది. స్నానానికి లేవదీసేది, చెప్పు తొడిగేది. నేను ఒక్కసారి కూడా వద్దనలేదు, ఎందుకో తెలుసా? చెయ్యనీ అనుకున్నాను. తన వల్ల నా కాలు పోయిందని లోపల కుమిలిపోతోంది కదా, అలా చేసుకుంటే దాని మనసుకి తేలికవుతుందనుకున్నాను. ఆ బాధతోనే చేసిందిరా అదంతా. లేకపోతే అంత ఎవరు చేస్తారు?" అన్నాడు.

ఆ బాధతోనే చేసిందట.

నేను... నా చెయ్యి ఆయన చేతిలో ఉంది. ఆయన ఏడుస్తున్నాడు. నేను నోరు తెరిచాను కూడా...

మీ నాన్న ఎన్నింటికి వస్తానన్నాడు? కిందే ఉన్నాడా? మీ అత్త కూడానా? రమ్మను. ఇద్దర్నీ రమ్మను. ఆ కుర్చీలు ఇటు లాగు.